కొలిమికి సవతి

ఆ రోజుల్లో నా కాళ్లకు, చేతులకు, బుర్రకు మూడింటికీ కుదురు లేదు. ఉప్పల్‌లో స్టేడియం అప్పుడప్పుడే లేచింది, మెట్రో అన్న మాట ఇంకా ఎవరి నోటా వినపడేది కాదు. ఎలక్ట్రికల్ డిప్లొమా అయితే చేతికొచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. ఆ ఉక్రోషమంతా ఇంట్లో మిక్సీ మీద, ఇస్త్రీపెట్టె మీద తీర్చుకునేదాన్ని (విప్పడం వచ్చినంత బాగా బిగించడం రాలేదని అమ్మ ఇప్పటికీ అంటుంది). నాచారంలో మా నాయినకు చిన్న కొలిమి షెడ్డు ఉండేది. మేస్త్రీల ఉలులు, కూలీల గడ్డపారలు ఎర్రగా కాల్చి, సాగగొట్టి, మొన తీసి ఇచ్చేవాడు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కొలిమి వల్లే.

చిక్కు షెడ్డు ఓనరుతో వచ్చింది. ఆయన్ని మేం ఓనర్ మామ అనేవాళ్లం. షెడ్డు వెనకున్న తన ఇంటి మీద కొత్తగా ఒక అంతస్తు లేపి, తెల్లరంగు వేయించి, కిరాయికి పెట్టాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు గోడ మీద మసి చూసి, రెండుసార్లు దగ్గి, మళ్లీ వస్తామని చెప్పి పోయేవాళ్లు. మళ్లీ వచ్చిన పాపాన ఎవరూ పోలేదు. ఒకరోజు ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి, కోపం లేకుండానే అన్నాడు, "దసరా దాకా సూస్త తమ్మీ. పొగన్న పోవాలె, నువ్వన్న పోవాలె." నాయిన తల దించుకుని కొలిమికి గాలి కొట్టే తిత్తి చక్రం తిప్పుతూనే ఉన్నాడు. నా నోరు ఊరుకుంటుందా? "పొగ లేని కొలిమి నేను జేస్త మామా, కరెంటుతోని" అనేశాను. అప్పటికి అది ఎలా చేస్తారో నాకు తెలియదు.

తెలుసుకోవడానికి ఇంటర్నెట్ సెంటర్‌కు పరిగెత్తాను. రాగి గొట్టాన్ని చుట్టగా చుట్టి, అందులో కరెంటును క్షణంలో వేలసార్లు అటూ ఇటూ ఊగించాలి. అప్పుడు మధ్యలో పెట్టిన ఇనుము మంట లేకుండానే ఎర్రబడుతుంది. అలా ఊగాలంటే చుట్టకు జోడీగా కెపాసిటర్లు ఉండాలి, అంటే మన కండెన్సర్లు. కండెన్సర్ అనగానే మా ఇళ్లలో ఎవరికైనా తట్టేది సీలింగ్ ఫ్యానే కదా. మండుటెండల్లో ఇంట్లో ఉన్న ఫ్యాన్లన్నిటి కండెన్సర్లూ పీకేసి, జత చేసి స్విచ్ వేశాను. ఉలి గోరువెచ్చగా కూడా కాలేదు గానీ కండెన్సర్లు పొట్టలు ఉబ్బి, ఒకదాని వెనక ఒకటి టపటపా పేలి, నల్లటి జిగురు కక్కాయి. "ఇల్లు కాలింది గని ఉలి కాలలే" అన్నాడు నాయిన. ఆ మధ్యాహ్నం మేమందరం విసనకర్రలతో కూర్చున్నాం.

తప్పెక్కడో తరువాత అర్థమైంది. ఫ్యాను కండెన్సర్ నెమ్మదిగా నడిచే ఇంటి కరెంటుకు పుట్టింది. ఈ ఊపుకు దాని సన్నటి తీగలు తట్టుకోలేవు. పెళ్లివంట గుండిగను ఒక్కడే ఎత్తితే నడుము పోతుంది, నలుగురూ తలా ఒక చెయ్యి వేస్తే లేస్తుంది. అందుకని కోఠికి పోయి, ఇలాంటి పనికే పనికొచ్చే చిన్న చిన్న కెపాసిటర్లు సంచి నిండా తెచ్చాను. వాటన్నిటినీ రెండు మందపాటి రాగిపట్టీల మధ్య వరసగా నిలబెట్టాలి, బరువు అన్నిటి మీదా సమానంగా పడాలి. పట్టీలు కొనాల్సిన పని పడలేదు, నాయిన మిగిలిన రాగి గొట్టాన్ని దాగలి దిమ్మ మీద పెట్టి అట్టులా సాపు చేసిచ్చాడు. అంత మందపు రాగికి టంకం పెట్టే వేడి నా సోల్డరింగ్ కడ్డీకి లేదు. గత్యంతరం లేక పట్టీలను కొలిమి మీదే కాచి అతికించాం. అలా కొలిమి తన సవతిని తానే ముస్తాబు చేసింది.

దసరా రానే వచ్చింది. ఆయుధపూజ రోజున ఓనర్ మామ, అత్తమ్మ (ఆయన భార్య, నేనంటే ప్రాణం), చుట్టుపక్కల షెడ్ల వాళ్లు అందరూ చేరారు. అమ్మ నా కరెంటు మిషన్‌కు బొట్లు పెట్టింది. అత్తమ్మ దిష్టి తగలకుండా నిమ్మకాయ, మిరపకాయల దండ తెచ్చింది. పచ్చివి దొరకలేదని ఎండుమిరపకాయలు, దారం తెగుతుందని బైండింగ్ వైరు. దాన్ని తీసుకెళ్లి సరిగ్గా రాగిచుట్టకే కట్టేసింది. తీసేద్దామని చెయ్యి చాచానో లేదో అమ్మ కళ్లతోనే ఆపింది. నిమ్మకాయను కరెంటు ఏం చేస్తుందిలే అనుకున్నాను. వైరు ఇనుముదన్న సంగతి డిప్లొమా చదివిన బుర్రకు తట్టలేదు.

స్విచ్ వేశాను. ఉలి మొన ఎర్రబడింది, పొగ లేదు, అందరూ నోళ్లు తెరిచారు. ఆ తెరిచిన నోళ్లలోకే ఘాటు దూరింది. ఉలి కంటే ముందే దండలోని వైరు కణకణలాడి, మిరపకాయలు మాడి, ఆ ఘాటు షెడ్డంతా కమ్మేసింది. పెద్దా చిన్నా తేడా లేకుండా అందరూ రోడ్డు మీద పడ్డారు. మిషన్ మాత్రం లోపల తన పని తాను చేసుకుంటూనే ఉంది. చున్నీ మూతికి కట్టుకుని దూరి స్విచ్ తీశాను. నా భయమంతా కెపాసిటర్ల మీదే. తడిమి చూస్తే ఒక్కటీ ఉబ్బలేదు, వాటి ఒళ్లు కాస్త వెచ్చబడింది, అంతే. ఆ దగ్గులోనే నాకు ఏడుపొచ్చేంత సంతోషమైంది.

బయట ఓనర్ మామ కళ్లు తుడుచుకుంటూ, "పొగ రాదంటివి గద బిడ్డా" అన్నాడు. నా బదులు అత్తమ్మ దగ్గుతూ ముందుకొచ్చింది. "పొగ దానిది గాదు, నా మిరపకాయలది. ఇంత ఘాటొచ్చిందంటె దిష్టి లేనట్టే. షెడ్డు వాళ్లకే ఉండనియ్యి." మిరపకాయ మంటల్లో పడి ఘాటు రాకపోతేనే కదా దిష్టి ఉన్నట్టు. ఆ శాస్త్రానికీ, పెళ్లానికీ ఎదురు చెప్పే ధైర్యం ఆయనకు లేకపోయింది. షెడ్డు మాకే ఉండిపోయింది.

అందరూ వెళ్లాక నాయిన చెంబుతో నీళ్లు తెచ్చి కొలిమిలో పోశాడు. బొగ్గులు బుస్సుమని చల్లారాయి. చెంబు పక్కన పెట్టి, "ఇగ నేనేం జెయ్యాలె బిడ్డా?" అని అడిగాడు. "బటన్ నొక్కుడే నాయినా" అన్నాను గర్వంగా. నా బుర్ర అప్పటికే ఇంకా పెద్ద మిషన్ లెక్కలు కడుతోంది. ఆయన తలూపి, వెళ్లి తన పీట మీద కూర్చుని, చల్లారిన కొలిమికి తిత్తి చక్రం మెల్లగా తిప్పుతూ ఉన్నాడు.

ఆయన అప్పటి వయసుకు నేనూ దగ్గర పడ్డాను. ఆ ప్రశ్న నన్ను అడిగింది కాదని, తనను తానే అడుక్కున్నదని ఇప్పుడు తెలుస్తోంది. ఆనాటి ఆ పిల్ల, అంటే నేనే, ఎదురైతే, జవాబు చెప్పే ముందు ఒక్కసారి మీ నాయిన చేతుల వైపు చూడవే తల్లీ అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా లాభం లేదు, నేను నోరు తెరిచేలోపే అది కోఠి బస్సెక్కేసి ఉంటుంది.