మార్మలేడ్‌కి ఎలుకను ఎంచిన వైనం

ఆ రోజుల్లో ఏ సమస్యనైనా సరిగ్గా కొలిస్తే సగం తీరిపోయినట్టేనని నా గట్టి నమ్మకం. (ఆ రోజులంటే మరీ పాతవి కావు, నేను లీడ్స్‌లో మెకానికల్ మాస్టర్స్ చదువుతున్న కాలం. అయినా ఇప్పుడు అప్పటి ఫోటోలో నన్ను నేను గుర్తుపట్టడానికి కాస్త ఆగాల్సి వస్తోంది కనుక, ఆ మాట వాడుకునే హక్కు నాకు వచ్చేసిందనే అనుకుంటున్నాను.) భీమవరం నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డ డాక్టర్ అంకుల్ వాళ్లింట్లో అటకగదిలో అద్దెకుండేవాణ్ణి. అంకుల్ హాస్పిటల్ డ్యూటీల రోటా ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఆయనకే తెలిసేది కాదు, అంచేత ఇంటి పరిపాలనంతా ఆంటీది. వాళ్లమ్మాయి బుజ్జి అక్కడే పుట్టి పెరిగింది. తెలుగులో ఏం అడిగినా అర్థమయ్యేది, జవాబు మాత్రం యార్క్‌షైర్ ఇంగ్లీషులో వచ్చేది. నన్ను పిలిచే 'అన్నా' ఒక్కటే ఆ ప్రవాహంలో తెలుగు ముక్క.

బుజ్జి గదిలో ఒక గాజుపెట్టె, అందులో దాక్కోవడానికి వేసిన చిన్న దుప్పటి, ఒక కార్న్ స్నేక్. విషం లేని రకం. నారింజ తొక్కల జామ్ రంగులో ఉంటుందని దానికి మార్మలేడ్ అని పేరు పెట్టుకుంది. ఆంటీ ఆ గది గడప దాటేది కాదు, అలాగని పామును అది, ఇది అని కూడా అనేది కాదు. పేరుకు కూడా అగౌరవం తగలకూడదని 'ఆయన' అనేది. అంకుల్‌ని కూడా ఆయనే అనేది కాబట్టి, "ఆయన పొద్దుట్నుంచీ ఆ దుప్పటి కిందనించి లేవలేదోయ్" అంటే, నైట్ డ్యూటీ చేసొచ్చిన డాక్టర్‌గారా, గాజుపెట్టెలోని ఆసామీయా అని నేను ఒక క్షణం తేల్చుకోవాల్సి వచ్చేది.

ఆ వసంతంలో కుబుసం విడిచే ముందు మార్మలేడ్ తిండి మానేసింది. పాములకది మామూలేనని బుజ్జి ఎంత చెప్పినా ఆంటీ మనసు కుదుటపడలేదు. "ఇంట్లో ఒక ప్రాణి పస్తుంటే నా నోట్లోకి ముద్ద ఎలా దిగుతుందే? ఇంకోసారి ఇలా అయితే పాముల్ని చూసుకునే ఆ శరణాలయం వాళ్లకి ఇచ్చేస్తాను, అంతే" అని తీర్పు చెప్పేసింది. సరిగ్గా అప్పుడే బుజ్జి స్కూలు తరఫున రెండు వారాలు ఫ్రాన్స్ వెళ్లాల్సొచ్చింది. కుబుసం విడవడం అయిపోయింది, ఇక తినాలి. గుమ్మం దగ్గర సూట్‌కేసు పట్టుకుని, "ప్లీజ్ అన్నా, జస్ట్ గెట్ హిమ్ టు ఈట్" అంది. కళ్లలో నీళ్లు లేవు కానీ, ముక్కు ఎర్రబడింది. నేను చాలా తేలిగ్గా, "నువ్వెళ్లిరా, నేను చూసుకుంటా" అన్నాను.

ఆమె వెళ్లిన మర్నాడే గ్యారేజీలోని చిన్న ఫ్రీజర్ చచ్చిపోయి కనిపించింది. (చచ్చిపోలేదు. గడ్డి కోసే యంత్రం బ్యాటరీ చార్జింగు పెట్టుకోవడానికి అంకుల్ దాని ప్లగ్గు పీకారు.) పాము తిండికని బుజ్జి గడ్డకట్టించి దాచిన ఎలుకలన్నీ కరిగి, వాసన కూడా వచ్చేస్తున్నాయి. వంటింట్లో ఉన్న పెద్ద ఫ్రీజర్‌లో చేపముక్కలు, కొబ్బరికోరు తప్ప ఇంకేం పెట్టకూడదని ఆంటీ శాసనం ఉండబట్టి వాటికి ఆ గతి పట్టింది. అంటే ఇప్పుడు నేను కొత్త ఎలుకల్ని ఎంచి తేవాలి. పాముకు ఎలుకను ఎంచడంలో ఎంచడానికేముందనే మీరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, చదవడం మొదలుపెట్టే వరకు.

నా స్నేహితుడొకడు వరంగల్‌వాడు, ఒక టేక్‌అవే హోటల్లో పార్ట్‌టైమ్ చేసేవాడు. వాడితో చెబితే పకపకా నవ్వాడు. "ఏంది మామా, గింత దానికి గంత పరేషానా? మా షాపు ఎనుక డబ్బాల కాడ ఎలుకలు మస్తుగున్నయ్. రా, బోను పెడదాం. ఫ్రెష్ మాల్!"

"ఒరేయ్, అవి ఎక్కడెక్కడ ఏం తిన్నాయో ఎవడికి తెలుసు? సిటీ కౌన్సిల్ వాళ్లు ఎలుకల మందు పెట్టి ఉంటారు. ఆ మందు తిన్న ఎలుకను ఇది తింటే దీనికీ అదే గతి. పైగా వాటి ఒంటి మీద పురుగులు, కడుపులో పురుగులు."

"అయితే బతికున్న దాన్ని దుకాణంల కొనుక్కరా. నీ పాము వేటాడ్తది, నువ్వు వీడియో తియ్."

"బతికున్న ఎలుక తిరగబడి కరుస్తుంది. పాములకు కళ్లే పోయిన సందర్భాలున్నాయట."

వాడు మళ్లీ నవ్వి, "ఎలుకకు భయపడే పామును ఎందుకు సాదుకుంటున్నర్రా మీరు?" అన్నాడు.

కనుక పాముల కోసమే శుభ్రంగా పెంచి, గడ్డకట్టించి అమ్మే ఎలుకలే కొనాలని తేలింది. పెంపుడు జంతువుల దుకాణంలో వాటికి బట్టలకున్నట్టు సైజులున్నాయి. ఇంకా వెంట్రుకలు రానివి పింకీలు, నూగు వచ్చినవి ఫజ్జీలు, గెంతే వయసువి హాపర్లు, ఆపైన పెద్దవి. పాము ఒంట్లో అన్నింటికన్నా లావైన చోటు ఎంతుందో ఎలుక కూడా దాదాపు అంతే ఉండాలట. మరీ పెద్దదైతే కక్కేస్తుంది. నేను యూనివర్సిటీ ల్యాబ్ నుంచి మందం కొలిచే డిజిటల్ వెర్నియర్ తెచ్చాను. (సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చేశాను, ఏం కొలిచావని ఎవరూ అడగలేదు.) మార్మలేడ్ ఆ వెర్నియర్‌ను చెట్టుకొమ్మ అనుకుని చుట్టేసుకుంది. తెరమీద అంకె మారినప్పుడల్లా నేను రాసుకోవడం, అది ఇంకో చుట్టు చుట్టుకోవడం. చివరికి సగటు తీసి హాపర్ సైజు అని తేల్చాను. దుకాణంలో ఆ అమ్మాయి పామును చూడకుండానే, వయసు అడిగి, అదే డబ్బా తీసి ఇచ్చింది.

ఇక వడ్డన. ఎలుకను మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, గోరువెచ్చని నీళ్లలో నిదానంగా కరిగించాలి, లోపల మంచు ముక్క మిగలకూడదు, ఇచ్చేటప్పుడు బతికున్నదానిలా వెచ్చగా ఉండాలి, పొడవాటి పటకారుతో అందించాలి. అన్నీ సిద్ధం చేసుకుని ఒక పాత గిన్నె కోసం వంటింట్లోకి వెళ్లాను. ఆంటీ గిన్నె ఇచ్చి, అనుమానంగా చూసింది.

"మరి కడగవా?"

"కడగాలా ఆంటీ?"

"ఏంటోయ్ ఆ ప్రశ్న? చేపైనా కోడైనా ఉప్పూ పసుపూ వేసి కడక్కుండా పొయ్యి దగ్గరికి రానిస్తామా? ఆయనకైతే మాత్రం అలాగే పెట్టేస్తావా పాపం? నీచు!"

నా శాస్త్రీయ బుర్ర ఆ మాట దగ్గర ఆగి, అవునని తలూపింది. పసుపు సూక్ష్మజీవుల్ని చంపుతుంది. ఉప్పూ అంతే. నేను చదివిన వాళ్లెవరూ ఇంత ముఖ్యమైన జాగ్రత్త ఎందుకు రాయలేదా అని వాళ్ల మీద చిన్న జాలి కూడా కలిగింది. గ్లవ్స్ వేసుకుని మా అమ్మ కోడిముక్కలు కడిగే పద్ధతిలో ఆ ఎలుకకు ఉప్పూ పసుపూ పట్టించి, రెండుసార్లు కడిగాను.

మార్మలేడ్ తల బయటపెట్టింది. నాలుక ఆడించింది. ఎలుక దగ్గరకు వచ్చింది, మళ్లీ నాలుక ఆడించింది. తర్వాత, పెళ్లిలో నచ్చని వంటకం ముందు నుంచి పెద్దమనిషి కదిలిపోయినట్టు మర్యాదగా పక్కకు జరిగి దుప్పటి కింద దూరింది.

మళ్లీ ప్రయత్నించడానికి కొన్ని రోజులు ఆగాలి. ఆ రోజులన్నీ నేను పరిశోధనలో గడిపాను. పెట్టెలో వేడి చాలలేదా? థర్మామీటర్ సరిగ్గానే ఉంది. వెలుతురు ఎక్కువైందా? కర్టెన్లు వేశాను. నా నీడకు బెదిరిందా? మోకాళ్ల మీద కూర్చుని పెట్టాను. సైజు పెద్దదనిపించిందా? చిన్నది తెచ్చాను. అన్నీ మార్చి చూశాను, మార్చనిదల్లా శుభ్రత ఒక్కటే. రెండోసారి ఇంకా బాగా కడిగాను. ఈసారి అది దుప్పటి కింద నుంచి రాను కూడా రాలేదు.

ఆంటీ గడప బయట నిలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చిక్కిపోయినట్టున్నారోయ్. నాకు నిన్నట్నుంచీ అన్నం సయించట్లేదు. ఆ శరణాలయం వాళ్లకి రేపు ఫోన్ చేసేస్తాను. బుజ్జికి నువ్వే చెప్పు." ఎంత తేలిగ్గా మాటిచ్చానో అప్పుడు తెలిసొచ్చింది. వీడియో కాల్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. అటువైపు బుజ్జి మొహం చిన్నబోయింది. "షో మీ ద మౌస్" అంది. పటకారుతో ఎత్తి చూపించాను.

బుజ్జి మొహం తెరకు బాగా దగ్గరగా వచ్చింది.

"అన్నా, వై ఈజ్ ఇట్ ఎల్లో?"

వెనకనుంచి ఆంటీ అందుకుంది. "పసుపేనే! కడగొద్దూ మరి?"

"మమ్! యూ మ్యారినేటెడ్ హిమ్?" అటువైపు ఫోన్ కిందపడింది, పైకప్పు కనిపించింది, ఎవరో ఊపిరాడనంతగా నవ్వడం వినిపించింది. నవ్వు ఆగాక బుజ్జి చెప్పింది. పాము తన తిండిని కళ్లకన్నా ఎక్కువగా నాలుకతో, వాసనతో పోల్చుకుంటుంది. మేము అందించింది దానికి ఎలుక కాదు, ఏదో వంటగది ముక్క. పెంచినవాళ్ల దగ్గరే ఆ ఎలుక శుభ్రంగా ఉంది, మేము కొత్తగా చేయాల్సిన శుభ్రమేమీ లేదు, ఒక్క మా చేతులు కడుక్కోవడం తప్ప.

ఆంటీ శరణాలయానికి ఇంకా ఫోన్ చేయలేదు. "సరే, బుజ్జి చెప్పిన ప్రకారమే ఒకసారి చూడు" అంది, అది ఎంత పెద్ద రాయితీయో నాకు తెలుసు. మళ్లీ కొన్ని రోజుల గడువు తీరాక, కొత్త గిన్నెలో ఉత్త వెచ్చని నీళ్లతో, ఇంకేమీ లేకుండా కరిగించాను. పటకారు కాస్త కదిలించానో లేదో, మార్మలేడ్ మెరుపులా అందుకుని చుట్టేసింది. వెనక చప్పుడైతే తిరిగి చూశాను. ఆంటీ గడప లోపల ఉంది. కళ్లు మూసుకునే ఉంది కానీ, లోపలే ఉంది.

"తిన్నారా?"

"తింటోంది ఆంటీ."

"మొత్తం అయ్యాక చెప్పు." ఎలుక తోక కొస దాకా మాయమయ్యాక చెప్పాను. ఆవిడ కళ్లు తెరిచి, ఉబ్బిన ఆ మెడను అలా చూస్తూ ఉండిపోయి, "మళ్లీ ఎప్పుడు పెట్టాలి?" అంది.

బుజ్జి ఇప్పుడు గ్లాస్గోలో చదువుతోంది. హాస్టల్లో పాముల్ని ఒప్పుకోరట, అంచేత మార్మలేడ్ ఆంటీ దగ్గరే ఉంటోంది. నేను బ్రాక్‌నెల్‌లో ఒక ఆఫీసులో పరికరాల కొలతలు చూసుకుంటున్నాను. మొన్న లంచ్‌లో ఆంటీ వాయిస్ మెసేజ్ వచ్చింది, 'ఆయన' ఈమధ్య ఒక విడత వదిలి ఒక విడత తింటున్నారని. నేను వెంటనే, ఎలుక సైజెంత, నీళ్ల వేడెంత, పెట్టె ఉష్ణోగ్రతెంత అని వరుసగా అడిగాను. "చేత్తో పట్టుకుంటే వెచ్చగానే ఉందోయ్, చేతికి కవరేసుకునే పట్టుకున్నాన్లే" అని జవాబు. సాండ్‌విచ్ పట్టుకుని అలాగే నవ్వుకున్నాను. వెర్నియర్ జేబులో పెట్టుకుని ఇంటికి పరిగెత్తిన ఆ కుర్రాడికి ఈ జవాబు చాలదు. డిగ్రీల్లో చెప్పండి ఆంటీ అని తప్పకుండా అడిగేవాడు. నేనూ టైప్ చేశాను, కానీ పంపలేదు.