మా బంటి కడుపుకు నేను చేసిన వైద్యం

శనివారం మా ఇంట్ల ఏమైందో చెప్త గని, మీరు నవ్వొద్దు. ఇగో, ముందు నా చేతులు చూడుర్రి. మోచేతుల దాకా నీలం! సబ్బు పెట్టిన, సర్ఫు పెట్టిన, మా కంపెనీల గ్రీజు కడిగే పేస్టు కూడా రుద్దిన. పోతలేదు. పొద్దున డ్యూటీకి పోతే గేటు కాడనే మొదలు పెట్టిన్రు. "ఏంది రమేశన్నా, ఊరందరి ఓట్లు నువ్వొక్కనివే ఏసొచ్చినవా?" అని. ఏం చెప్పాలె? చేపకు కడుపు బాగుచెయ్యబోయి గిట్లయ్యిందంటే పరువుంటదా? అయినా పరవాలేదు తియ్యి. చేప బతికింది, దాంతోని నేను కూడా బతికిన.

చేప పేరు బంటి. క్లౌన్ లోచ్ అంటరు. నారింజ రంగు ఒళ్ళు, నల్లటి పట్టీలు, మూతికి చిన్న చిన్న మీసాలు. మా ఆవిడ సుజాత దాన్ని వేలంత ఉన్నప్పుడు తెచ్చింది. ఇప్పుడు అరచెయ్యంత అయ్యింది. పొద్దున లేస్తే నా మొఖం చూడదు గని, సీదా అక్వేరియం కాడికి పోయి "బంటీ, లేచినవారా?" అంటది. అది కూడా ఖుషీ అయితే లోపటి నుంచి టక్ టక్ అని చప్పుడు చేస్తది. నిజంగ! లోచ్‌లకు ఆ అలవాటున్నది. నేను మాట్లాడిస్తే మాత్రం ఒక్కసారి కూడా అనలే.

మొన్న సుజాత వాళ్ళ అమ్మకు కంటి ఆపరేషన్ అని వారం కోసం జనగామ పోయింది. ఉప్పల్‌ల బస్సెక్కేటప్పుడు కూడా బంటి ముచ్చటనే.

"పొద్దున చిటికెడు మేత ఎయ్యి. అంతే. చేప మీద నీ తెలివి సూపియ్యకు."

"నేనెవర్ని సుజాతా? ఇన్నేండ్ల సంది క్యూసీల ఉన్న!"

"అందుకే చెప్తున్న," అన్నది. బస్సు పోయింది.

క్యూసీ అంటే క్వాలిటీ చూసే పని, మల్లాపూర్‌ల పంపుల కంపెనీల. పార్టు రాంగనే కొలుస్త, తప్పుంటే పక్కకు పెడ్త. మా దగ్గర ఏది ఖరాబైనా ముందు ఫిష్‌బోన్ గీయాలె. అంటే చేప ముల్లు లెక్క ఒక బొమ్మ గీసి, ఒక్కో ముల్లు మీద ఒక్కో కారణం రాస్తం. తప్పు మనిషిదా, మెషిన్‌దా, మెటీరియల్‌దా అని ఒక్కొక్కటి కొట్టేసుకుంట పోతే అసలు దొంగ దొరుకుతడు. నేను చానా మందికి ట్రైనింగ్ కూడా ఇచ్చిన. ఇది గుర్తు పెట్టుకోర్రి, నా పరువు గీడనే పోతది.

బుధవారం దాకా అంతా సక్కగనే ఉన్నది. గురువారం పొద్దున మేత ఏసిన. పైన తిరిగే చిన్న చేపలు ఉరికొచ్చినయి. బంటి మాత్రం రాలే. రాయి పక్కన ఒక దిక్కుకు ఒరిగి పండుకున్నది. కడుపు చూస్తే ఉబ్బి బొండా అయ్యింది.

సాయంత్రం సుజాత ఫోన్. "బంటి ఎట్లున్నడు?"

"ఫస్ట్ క్లాస్."

"ఏదీ, వీడియోల సూపియ్యి."

"నెట్ మంచిగ లేదు సుజాతా," అని కట్ చేసిన. ఇంట్ల వైఫై బ్రహ్మాండంగ ఉన్నది. నా మొఖమే మంచిగ లేదు. శనివారం సాయంత్రానికి ఆమె వస్తది. ఆలోపల దీనికి ఏమన్నా అయ్యిందో, ఇగ నేను మా నాచారం ఇల్లు విడిచి ఎటన్న పోవుడే!

వెంటనే చార్టు పేపర్ తెచ్చి హాల్ల గోడకు అతికించిన. ఫిష్‌బోన్ గీసుడు షురూ. మా బాపు సోఫాల కూసొని పల్లీలు తినుకుంట చూసిండు.

"ఏంరా, చేప బతికుండంగనే దాని ముల్లు గీస్తున్నవా?"

"బాపూ, జర సప్పుడు చెయ్యకు. ఇది సైన్స్."

నీళ్ళు టెస్ట్ చేసిన, ఓకే. ఫిల్టర్, ఓకే. హీటర్, ఓకే. మేత డబ్బా మీద ఎక్స్‌పైరీ చూసిన, ఓకే. 'మనిషి' అనే ముల్లు కాడికి వచ్చిన. మేత ఏసేది ఎవరు? నేను. నాల తప్పుంటదా? టిక్కు కొట్టి ముందుకు పోయిన. అంతటితోని ఆగిన్నా? పార్టులు కొలిచే వెర్నియర్ తెచ్చి అద్దం బయటి నుంచే కడుపు కొలిచిన. పొద్దున కంటికి కనిపించిన దాని కంటే ఎక్కువనే వచ్చింది. ఇంకేముంది, రోగం ముదురుతున్నదని తేలిపోయింది. లోపట ఇన్ఫెక్షన్ అని నేనే డిసైడ్ చేసిన. శుక్రవారం చూస్తే కడుపు ఇంకింత లావైంది.

శనివారం హాఫ్ డే పెట్టి ఉప్పల్‌ల చేపల దుకాణానికి పోయిన. దుకాణమాయన కౌంటర్ ఎనుక నుంచి అడిగిండు. "అన్నా, మేత గిట్ల ఎక్కువైతున్నదా?"

"మేత సంగతి నన్నడుగకు తమ్ముడూ. కొలిచి చిటికెడు ఏస్తున్న. నువ్వు మందియ్యి."

"నీ ఇష్టమన్నా," అని నీలం మందు సీసా చేతుల పెట్టిండు.

ఇంటికొచ్చి బాపుకు ఫోన్ చేసిన. ఆయన మధ్యాహ్నం అయితే పార్కుల పత్తాలాటకు పోతడు. "పత్తాలు తర్వాత ఆడుదువు గని, బకెట్ పట్టుకోను మనిషి గావాలె," అని పిలిపించిన. బకెట్ల నీళ్ళు పోసి మందు కలిపిన. మూత బిర్రుగున్నదని పళ్ళతోని లాగితే సగం సీసా నా చేతుల మీదనే పడ్డది. సరే, అంగికి అంటకుండ తప్పించుకున్న అని సంబురపడుకుంట జాలీతోని బంటిని పట్టిన. గీడ మొదలైంది అసలు కథ. లోచ్ కన్ను కింద ఒక ముల్లుంటది. అది భయపడితే ముల్లు లేపుతది. ఆ ముల్లు పోయి జాలీల ఇరుక్కున్నది. ఎటు గుంజినా రాదు.

"కత్తెర తే బాపూ!"

బాపు కత్తెర తెచ్చిండు. జాలీ కోసి బంటిని బకెట్ల ఏసిన. హమ్మయ్య అనుకునే లోపల అది ఒక్కటే ఎగురు! బకెట్ల నుంచి బయటపడి, నీలం నీళ్ళల్ల జారుకుంట సీదా ఫ్రిజ్ కిందికి పోయింది.

నేను ఎల్లెలుకల... కాదు కాదు, బోర్ల పడి చెంప నేలకు ఆనిచ్చి ఫ్రిజ్ కింద చెయ్యి పెట్టిన. బాపు టార్చి పట్టుకొని "ఎడమకు! అరె, నీ ఎడమకు కాదురా, నా ఎడమకు!" అని ఒర్రుతున్నడు. గప్పుడే తలుపు తాళం తిరిగిన చప్పుడు. నా పానం పోయింది. సుజాత ముందే వచ్చిందనుకున్న!

తలుపు తీసింది ఎదురింటి మేరీ ఆంటీ. మా ఇంటి తాళం ఆమె చేతుల ఉన్నది. నన్ను చూసి ఆమెనే కెవ్వుమన్నది.

"అయ్యో రమేశ్, నువ్వు ఇంట్లనే ఉన్నవా? ఏందీ నీలం? ఏమైంది బిడ్డా?"

"ఆంటీ, బంటి ఫ్రిజ్ కింద!"

ఇగ ఆమె ఏం అడగలే. గిన్నెలు తుడిచే బట్ట తడిపి ఇచ్చింది. ఫ్రిజ్‌ను నేను, బాపు ముందటికి జరిపినం. బట్టల బంటిని పట్టి అక్వేరియంల ఏసినం. అది మెల్లగ కిందికి పోయి ఒక దిక్కు ఒరిగి పడ్డది. కదలలే. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, అబద్ధం ఎందుకు చెప్పాలె. సుజాత మొఖం యాదికొచ్చింది. ఆంటీ కండ్లు మూసుకొని "ప్రభువా, నోరులేని జీవి," అని ప్రార్థన అందుకున్నది. ఇటు బాపు "ఎల్లమ్మ తల్లీ, సల్లగ సూడు," అంటున్నడు.

ప్రార్థన మధ్యలనే ఆంటీ కండ్లు తెరిచింది. "నిన్న మధ్యాహ్నం నేను మేత ఏసినప్పుడు కూడా మెత్తగనే ఉండె పాపం."

నేను మెల్లగ తిరిగిన. "మీరు మేత ఏసిన్రా ఆంటీ?"

"రోజూ ఏస్తున్న గదా! సుజాత తాళం ఇచ్చి పోయింది. 'ఆయన మర్చిపోతడు, మధ్యాహ్నం మీరెయ్యండి, ఆయనకు చెప్పొద్దు, ఫీలైతడు' అన్నది."

బాపు గొంతు సవరించుకున్నడు. నాకు అనుమానమొచ్చింది. "బాపూ?"

"కోడలు నాకు కూడా గదే చెప్పిందిరా. సాయంత్రం నువ్వు స్నానానికి పోంగనే ఏస్తున్న. ఆకలైతదని జర ఎక్కువనే ఏసిన."

"మరి నేను బొమ్మ గీసేటప్పుడు పక్కనే కూసున్నవ్ గదా! ఒక్క మాట చెప్పకపోతివి?"

"నువ్వడిగితే గదా! 'మనిషి' కాడ నువ్వే తప్పు లేదని టిక్కు కొట్టుకున్నవ్. పెద్ద ఇంజనీరువి, నడుమ నేనెందుకని ఊకున్న."

పైన చిన్న చేపలు తినంగ మిగిలిన మూడు పూటల మేత అంతా కింద బంటి కడుపులకే పోయింది! కడుపు ఉబ్బకపోతే ఏమైతది? పొద్దున నా చిటికెడు ముట్టకపోతే ఆకలి చచ్చిందనుకున్న. దానికి రాత్రిదే అరగలేదు పాపం.

ముగ్గురం అద్దానికి మొఖాలు ఆనిచ్చి నిలబడ్డం. చానా సేపటికి బంటి తోక కాడ నుంచి సన్నగ, పొడుగ్గ, దారం లెక్క ఏదో బయటికొచ్చింది. బాపు చప్పట్లు కొట్టిండు. ఆంటీ "స్తోత్రం!" అన్నది. నేనైతే ఎగిరిన. ఒక చేప దొడ్డికి పోయిందని ముగ్గురు పెద్దోళ్ళు గంత సంబురపడుడు మీరు ఏడనన్న చూసిన్రా? ఇంకొంచెం సేపటికి అది లేచి నిలబడి మెల్లగ ఈదింది. నాకు పానం లేచొచ్చింది. అక్కడనే కుర్చీల కూలబడి ఆంటీ పెట్టిన చాయ్ రెండు కప్పులు తాగిన.

సాయంత్రం ఆంటీ ఇంక మా ఇంట్ల ఉండంగనే సుజాత వచ్చింది. నీలం నేల చూసింది, నీలం చేతులు చూసింది, గోడ మీద చార్టు చూసింది. బాపు మొత్తం కథ చెప్పిండు, నేను వద్దన్న చోట ఇంకింత వివరంగ చెప్పిండు. ఆమె నవ్వీ నవ్వీ కడుపు పట్టుకున్నది. నాకు మాత్రం జర బాధయ్యింది. గట్టిగనే అడిగిన.

"ముగ్గురికి ఎందుకు చెప్పినవ్? నా ఒక్కని మీద గింత కూడా నమ్మకం లేదా?"

"లేకేం? ఉన్నది," అన్నది సుజాత కండ్లు తుడుచుకుంట. "బాల్కనీల పుదీన, మల్లెచెట్టు నీ ఒక్కనికే అప్పజెప్పి పోయిన. బాపుకు చెప్పలే, ఆంటీకి చెప్పలే. రోజూ నీళ్ళు పోసినవ్ గదా?"

బాపు నా దిక్కు చూసిండు. నేను ఆంటీ దిక్కు చూసిన. ఈ వారం ఎండలు ఎట్ల కొట్టినయో మీకు తెలుసు గదా.

బాల్కనీ తలుపు తీసిన. పుదీన చాయ్‌పత్తా అయ్యింది. మల్లెచెట్టు పట్టుకుంటే పుటుక్కుమని చేతులకొచ్చింది. ఆ పుల్ల పట్టుకొనే లోపలికొచ్చి, తల వంచుకొని ఒక్కటే మాట అన్న.

"సుజాతా, ఈసారి ఊరికి పోతే కుండీల సంగతి కూడా ముగ్గురికి చెప్పిపో."