నల్లగౌనుకి పసుపు: మాచర్ల నుంచి నరసరావుపేట

సుశీలా, మొన్న పెళ్ళిలో నలుగురి ముందూ నువ్వన్న మాటలు రెండు సరిచెయ్యాలి. మాచర్లలో రైలెక్కి నరసరావుపేటలో దిగొచ్చన్నావు. మాచర్ల రైలు గురజాల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు పోతుంది. నరసరావుపేటది వేరే లైను. నీ మాట నమ్మినవాళ్ళు గుంటూరులో దిగి, అక్కణ్ణుంచి ఇంకో రైలు పట్టుకుని, షామియానా విప్పే వేళకి చేరతారు. రెండోది, పోస్టులో వచ్చిన చదువుకి మళ్ళీ పండగెందుకన్నావు. మొదటి దానికి జవాబు బస్సు. రెండో దానికి మాత్రం ప్రయాణమంతా రాయాల్సి వస్తోంది. మా పద్మ చదివిన కోర్సులోనే మీ వాడిది వచ్చే ఏటి బ్యాచి కాబట్టి నీకూ, నీలాగే పిల్లలు పట్టా అందుకుంటుంటే చూడ్డానికి బయల్దేరే మిగతావాళ్ళకీ పనికొస్తుంది.

మా కోడలు పద్మ మాచర్లలో నాపరాళ్ళ యార్డు చూసుకుంటుందని తెలిసిందే. ఊరందరి పిల్లలకీ చదువు చెప్పి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన నేను, కన్నకొడుకు శ్రీనుని మాత్రం లారీ స్టీరింగు దగ్గర్నుంచి దించలేకపోయాను. ఆ లోటు కోడలు తీర్చింది. ఇంగ్లండులో ఒక కాలేజీ, నరసరావుపేటలో ఒక కాలేజీ కలిసి పెట్టిన మేనేజ్‌మెంట్ కోర్సులో చేరింది. పాఠాలు అక్కణ్ణుంచి పుస్తకాలుగా, క్యాసెట్లుగా వచ్చేవి. ఆదివారాలు నరసరావుపేటలో క్లాసు. రాసిన జవాబులు సముద్రం దాటి వెళ్ళి, ఎర్రసిరా దిద్దుళ్ళతో తిరిగొచ్చేవి. వంటింట్లో పొయ్యి పక్కన టేప్‌రికార్డరు పెట్టుకుని వినేది. పప్పు మాడిన రోజులున్నాయి కానీ పాఠం ఆగిన రోజు లేదు. ఆ క్యాసెట్లు విని విని మా మనవరాలు చిట్టి పాలు తాగుతూ "గుడీవినింగ్, స్టూడెంట్స్" అనడం నేర్చింది. తీరా పట్టాలు ఇవ్వడానికి ఆ ఇంగ్లండు కాలేజీ ప్రొఫెసరే స్వయంగా వస్తున్నాడని కబురొచ్చింది. వెళ్ళకుండా ఎట్లా ఉంటాను?

మాచర్ల బస్టాండులో తెల్లవారుజామున ఐదున్నరకి నరసరావుపేట బస్సుంది. టికెట్టు పది రూపాయల దాకా అవుతుంది, చిల్లర దగ్గరుంచుకుంటే కండక్టరుతో తగువుండదు. పద్మ, నేను, నా ఒళ్ళో చిట్టి. గౌను కింద కనబడాలని పద్మ పెళ్ళినాటి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. కండక్టరు ఎగాదిగా చూశాడు.

"ఏంది మామ్మా, పెళ్ళికా?"

"కాదు నాయనా. కోడలికి పట్టా ఇస్తున్నారు."

"భూమి పట్టానా? ఎన్నెకరాలేంది?"

"చదువు పట్టా."

"అట్టనా," అన్నాడు జాలిగా, టికెట్టు చింపుతూ.

రెంటచింతల దాటేసరికి వెలుగొచ్చింది. ఎండలకి పేరుపడ్డ ఆ ఊరు ఆ వేళప్పుడు చల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. గురజాలలో కోర్టు వాయిదాల జనం దిగారు. పిడుగురాళ్ళ దగ్గర మాత్రం నేను మాట మానేసి కిటికీకి అతుక్కుపోయాను. సున్నపు బట్టీల పొగ నేలబారుగా పరుచుకుని, దానిలోంచి సూర్యుడు లేస్తున్నాడు. చెట్ల ఆకులు తెల్లన, ఇళ్ళ కప్పులు తెల్లన, పనికి పోతున్న ఆడవాళ్ళ కనురెప్పలు కూడా తెల్లన. ఎన్నిసార్లు ఆ దారిన పోయానో, ఎప్పుడూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవడమే తప్ప చూడలేదు. అక్కడే మా వియ్యపురాలు నాగరత్నం ఎక్కింది. ఆవిడది మాచవరం. ఒక చేత్తో పులిహోర క్యారియరు, రెండో చేత్తో అక్షింతలు కలపడానికి బియ్యం, పసుపు పొట్లాలు. ఎక్కుతూనే అడిగింది.

"అల్లుడేడే? రాలా?"

శ్రీను నాపరాళ్ళ లోడుతో హైదరాబాదు వెళ్ళాడు. అన్లోడు చేసి నేరుగా నరసరావుపేట వచ్చేస్తానన్నాడు. ముందురోజు ట్రంకాలు చేస్తానన్నవాడు చెయ్యలేదు. పద్మ ఆ మాట నాగరత్నానికి చెప్పింది. ఆవిడ దారిలో ఎదురొచ్చిన ప్రతి లారీనీ తల తిప్పి మరీ చూసింది.

ఎనిమిదిన్నరకి నరసరావుపేటలో దిగాం. బస్టాండు ఎదురుగా హోటల్లో ఇడ్లీ బాగుంది. కారప్పొడి మీద నెయ్యి వేస్తూ వంటాయన చిట్టిని చూసి, "తింటదా పాప?" అన్నాడు. "దాని సంగతి సరే, నాకింకొంచెం వెయ్యి," అన్నాను. అక్కణ్ణుంచి కాలేజీకి రిక్షా.

కాలేజీ వరండాలో బల్లల మీద గౌన్లు మడతపెట్టి ఉన్నాయి. ఆ ఇంగ్లండు కాలేజీ ఓడలో పంపిన సరికొత్త గౌన్లు, ఏటా వాడుకోవడానికి. నల్లటి నలుపు. కోర్సు చూసుకునే కామర్స్ లెక్చరరు, పెళ్ళిపెద్దలా చెమటలు కక్కుతూ, గౌను లేనిదే ఎవరూ స్టేజీ ఎక్కకూడదని చెప్పి పోయాడు. పద్మ గౌను చేతిలోకి తీసుకుంది. నాగరత్నం క్యారియరు కింద పెట్టేసింది.

"ఏందే అది? మెడకాణ్ణించి కాళ్ళ దాకా నలుపు?"

"అందరూ ఏసుకుంటారమ్మా."

"అందరి మొగుళ్ళూ లారీల మీదున్నారా ఏందే? నీ మొగుడు ఏ రోడ్డున ఉన్నాడో తెలీదు. ముత్తైదువ్వి, పట్టుచీర మీద నలుపు కప్పుకుంటావా, శుభమా అని?"

నేను కల్పించుకున్నాను. "వదినా, గురజాల కోర్టులో లాయర్లు రోజూ నల్లకోటు వేసుకోవడం లేదూ?"

"ఏసుకునే గదా కేసులు ఏళ్ళ తరబడి తెగట్లా!"

"మనం పంతొమ్మిదొందల ఎనభైల్లో ఉన్నాం వదినా."

"ఎనభైల్లో లారీలు బోల్తా పడట్లా?"

ఆవిడ భయపడుతున్నది నా కొడుకు కోసం. "నువ్వు అదేసుకుంటే నేను బయట చెట్టు కింద కూర్చుంటా. నా కళ్ళతో చూడలేను," అంది.

పద్మ గౌనుని మళ్ళీ మడత పెట్టింది. "పోనీలే అత్తయ్యా. పట్టా పోస్టులోనే పంపమంటా," అంది.

సరిగ్గా నీ మాటే, సుశీలా. నువ్వు నవ్వుతూ అన్నావు, పద్మ అంటుంటే నేను తన మొహం చూడలేకపోయాను. లోపల మైకు సరిచూస్తున్నారు. పిలవడానికి ఎంతో సేపు లేదు. నా చూపు నాగరత్నం చేతిలో పొట్లం మీద పడింది.

"వదినా, ఇది పాత బట్టా, కొత్త బట్టా?"

"కొత్తదే."

"కొత్త బట్ట మీ ఇంట్లో ఎట్లా కట్టిస్తావు?"

ఆవిడ నా వంక చూసింది. గౌను వంక చూసింది. పిల్ల పుట్టింది మొదలు ఏ పండక్కి ఏ లంగా కుట్టించినా అంచున పసుపు పెట్టకుండా తొడిగిందా? పసుపు పొట్లం విప్పుతూ, "నీళ్ళేవి?" అంది. చిట్టి నీళ్ళసీసా మూతలో పసుపు తడిపి, గౌను మెడ దగ్గర వేలితో నొక్కి పెట్టింది. నలుపు మీద పసుపు నిప్పురవ్వలా కనబడింది. గౌను తనే విప్పి పట్టుకుని, "చెయ్యి దూర్చు," అంది కూతురితో. పద్మ ఏడుపూ నవ్వూ దిగమింగుకుంటూ చెయ్యి దూర్చింది.

అదే మేం చేసిన పొరపాటు. వరండాలో మిగతా తల్లులంతా చూస్తూనే ఉన్నారు. చూసి ఊరుకుంటారా? "పిన్నీ, మా పిల్లకీ," "అక్కా, మావోడి గౌనుకీ," అంటూ వరస కట్టారు. రాజుపాలెం నుంచి వచ్చిన మరియమ్మ కూడా మనవడు సాల్మన్‌ని ముందుకి తోసింది.

"మాకు పసుపు ఆచారం లేదు తల్లీ, ప్రార్థన చేసేశా. కానీ ఫోటోలో మావోడొక్కడికే చుక్క లేకపోతే, ఈడొక్కడే తప్పాడనుకుంటారు. పెట్టు."

లెక్చరరు వచ్చి చూసేసరికి గౌన్లన్నిటికీ చుక్కలు పడిపోయాయి. "మామ్మగారూ! ఇవి మళ్ళీ బీరువాలో పెట్టాల్సినవి!" అని నెత్తి పట్టుకున్నాడు.

"ఉతికిచ్చే పూచీ నాది. మాచర్లలో ఎండకేమన్నా కరువా?" అన్నాను.

ఆ తర్వాత చూసింది ఎట్లా రాయాలో తెలియడం లేదు. బడిలో ఎన్ని వార్షికోత్సవాలు జరిపించలేదు నేను! ఇది వేరు. నల్లగౌన్లు వరసగా నడిచి వస్తుంటే హాలు హాలంతా తనంతట తనే లేచి నిలబడింది. ఒకడు పత్తి మిల్లులో గుమాస్తా, ఒకామె సొసైటీ బ్యాంకులో క్యాషియరు, మా పద్మ నాపరాళ్ళ యార్డు. ఆ ముందురోజు సాయంత్రం వాళ్ళు బజార్లో ఎదురొస్తే పక్కకి తప్పుకుని పోయేవాళ్ళం. ఎర్రగౌనులో ఉన్న ముసలి దొర మైకు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, "గుడ్ మార్నింగ్, స్టూడెంట్స్," అన్నాడు.

చిట్టి నా ఒళ్ళో నిటారుగా లేచింది. "నాయనమ్మా! మన క్యాసెట్టు తాతయ్య!"

మా పొయ్యి పక్కన ఇన్నాళ్ళూ పాఠం చెప్పిన గొంతు, ఎదురుగా, చెమట తుడుచుకుంటూ నిలబడి ఉంది.

పద్మ పేరు పిలిచారు. ఆయన పట్టా చేతికివ్వలేదు, పట్టుకునే నిలబడ్డాడు. మైకు దగ్గర్లో ఉంది కాబట్టి అందరికీ వినబడింది. "మీ యార్డులో ఇప్పటికీ ఎండెక్కకముందే లోడింగ్ ముగిస్తున్నారా?" అని అడిగాడు. హమాలీలు వడదెబ్బకి పడిపోతున్నారని పద్మ లోడింగ్ వేళలు మార్చి, ఆ సంగతే తన ప్రాజెక్టుగా రాసింది. "అవును సార్. ఆ తర్వాత ఒక్కరు కూడా పడలేదు," అంది. ఆయన తల వంచి అప్పుడు పట్టా ఇచ్చాడు. ఎక్కడో చలిదేశంలో కూర్చున్న మనిషి, మాచర్లలో రాళ్ళు మోసేవాళ్ళ ఎండ గురించి ఇన్నాళ్ళూ గుర్తుపెట్టుకున్నాడు. పక్కూరివాడికి పట్టని సంగతి!

చప్పట్లు ఇంకా ఆగకముందే హాలు వెనక తలుపు దగ్గర ఈల వినబడింది. అట్లాంటి మర్యాద తక్కువ ఈల మా వాడిదే. శ్రీను, ఒళ్ళంతా రాతిదుమ్ముతో, లుంగీ మీదే వచ్చేశాడు. సాగర్ దగ్గర టైరు పేలిందట, ఫోను దొరకలేదట. నాగరత్నం కళ్ళొత్తుకుని నా మోచేయి గట్టిగా పట్టుకుంది. "చూశావా వదినా, పసుపు పనిచేసింది!" టైరు మార్చినవాడు పనిచేశాడని నా అభిప్రాయం. ఆ పూటకి నాలోనే ఉంచుకున్నాను.

భోజనాల దగ్గర ప్రొఫెసరు ఆ పసుపు చుక్కలేమిటని అడిగాడు. లెక్చరరు నా వంక చూశాడు. కొత్త బట్టని మా మనిషికి అప్పగించే పద్ధతి ఇదని నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన వెంటనే వంగి మెడ చూపించాడు. నాగరత్నం అనుమానంగా పరికించింది.

"ఆయనది ఎర్రదేగా. ఆయనకేం భయం?" మళ్ళీ తనే, "అంచు నలుపుంది, సరే," అని పెట్టింది.

సుశీలా, ఇదీ నీ రెండో మాటకి జవాబు. ఇంతకాలం మాకు ఆయనొక గొంతు, ఆయనకి పద్మ ఒక చేతిరాత. ఆ రోజు ఇద్దరూ ఒకే బంతిలో కూర్చుని పులిహోర తిన్నారు. ఆ పట్టా పోస్టులో వచ్చి ఉంటే పద్మ దాన్ని యార్డు గోడకి తగిలించి పనిలో పడిపోయేది. పద్మ ఎంత దూరం వెళ్ళొచ్చిందో నాగరత్నానికీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. వచ్చే ఏడు బయల్దేరేవాళ్ళకి ఒకటే చెబుతాను: బస్సులో కుడివైపు కిటికీ పట్టుకోండి, ఎండ ఎడమవైపునుంచి కొడుతుంది.

ఇక నీ పని. గౌన్లన్నీ మూట కట్టి శ్రీను లారీలో మాచర్ల తెచ్చాం, ఉతికి డాబా మీద ఎండేశాను, ఎండకి పసుపు పోయింది. శనివారం మొదటి బస్సులో కండక్టరుకిచ్చి పంపుతున్నాను. మీ వాణ్ణి నరసరావుపేట బస్టాండులో ఎనిమిదింటికల్లా ఉండమను. మూట అందుకుని లెక్చరరు చేతికే ఇవ్వాలి, గుమాస్తాకి కాదు. అన్నిటికంటే పైన ఉన్నది పద్మ గౌను. దాన్ని నేను ఎండలో వెయ్యలేదు. మెడ దగ్గర చుక్క అట్లాగే ఉంది. బీరువాలో పెట్టేటప్పుడు ఏ అరలో పెట్టారో మీ వాణ్ణి చూసుకోమను. వచ్చే ఏడు వాడు అదే వేసుకోవాలి.