సిస్టరమ్మ కూర్చున్న ఆదివారం

మా చర్చిలో చెక్క బెంచీలు పోయి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. లేఖన పఠనానికి అందరూ లేచినప్పుడు అవి గచ్చు మీద కీచుమంటాయి. ఆ చప్పుడంటే నాకు ఒళ్లు మంట. అయినా అది వినగానే నా చూపు ముందు వరుసలో కుడివైపు చివరికి పోతుంది. దయామణి సిస్టరమ్మ అక్కడే కూర్చునేది. ఆస్పత్రిలో నర్సుగా చేస్తూనే, ఆదివారం ఆరాధన అయ్యాక మా మల్కాపురం చర్చిలో ఆడవాళ్లకు బైబిలు చెప్పేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం రిఫైనరీ సైరనుకు తీసిపోదు. లేఖనం చదివేటప్పుడు నిలబడటం, ప్రసంగానికి కూర్చోవటం మా చర్చి ఆచారం. మోకాళ్ల నొప్పులతో బాధపడుతూ కూడా పఠనానికి అందరికంటే ముందు లేచేది ఆవిడే.

తొంభైల్లో నేను ఆ చర్చికి కొత్త కోడలిని, నోటి దురుసు పిల్లని. ఒకరోజు బైబిలు క్లాసులో అడిగేశాను: "బైబిల్లో ఉన్న ఈ పుస్తకాలే దేవుడి మాటని ఎవరు తేల్చారు సిస్టరమ్మా? ఆ కాలం సంఘ పెద్దలు కూర్చుని ఓట్లేసుకున్నారా?" మిగతావాళ్లు నావైపు గుడ్లురిమి చూశారు. ఆవిడ మాత్రం నవ్వింది. "పురిటి వార్డులో బిడ్డ సేతికి తల్లి పేరు రాసి సీటీ కడతాను. నాను కట్టినానని ఆ తల్లి బిడ్డయిపోద్దేటి? ఆ తల్లి బిడ్డే గనక కట్టినాను. పెద్దలు సేసిందీ అదే. సీటీ కట్టినారంతే."

నేను ఊరుకుంటేనా! "మరి ఏ బిడ్డకు కట్టాలో వాళ్లకెలా తెలిసింది?"

"అలాగడుగు. పెబువుని కళ్లారా సూసినోలు, ఆల ఎంట ఉన్నోలు సెప్పిందేనా అని సూసినారు. మొదట్నించీ నమ్మినదానికి అడ్డం పడతందా అని సూసినారు. ఒక్క ఊరోలికే కాదు, అన్నూల్ల సంగాలకీ అన్నం పెట్టిందా అని సూసినారు. తొందర పడనేదు." దేవుడి గురించి ప్రశ్న అడిగితే తిట్టకుండా జవాబు చెప్పిన మొదటి మనిషి ఆవిడ. ఆ రోజు నుంచి నేను ఆవిడ కొంగు వదల్లేదు.

కొన్నాళ్లకు పోర్టులో కళాసీగా పనిచేసే మా ఆయన ఓడ మీద నుంచి పడిపోయారు. తలకు దెబ్బ, స్పృహ లేదు. డాక్టర్లు ఏమీ చెప్పలేమన్నారు. సిస్టరమ్మ వచ్చి నా తల తన పొట్టకు అదుముకుని అంది: "బయపడకే అమ్మీ. మీ ఆయన లెగుత్తాడు. దేవుడు ఆయన్ని నీకు తిరిగిచ్చేత్తన్నాడు." మా ఆయన లేచారు. ఇక ఆ మాట నాకు ఆవిడ మాట కాదు, దేవుడి మాటే. కనిపించినవాళ్లందరికీ చెప్పాను. ఎవరింట కష్టం వచ్చినా ఆ వాక్యమే చెప్పుకునేవాళ్లం. కొన్నేళ్లకు యువకులు ఆవిడ మాటలన్నీ పోగుచేసి, చర్చి వార్షికోత్సవానికి చిన్న పుస్తకం అచ్చు వేశారు.

వార్షికోత్సవం జరిగిన ఆ ఆదివారం లేఖన పఠనం అయింది. అందరం ఇంకా నిలబడే ఉన్నాం. చదువుతున్న కుర్రాడు మమ్మల్ని కూర్చోమనకుండానే బైబిలు మీద ఆ పుస్తకం పెట్టి, అదే గొంతుతో చదవడం మొదలుపెట్టాడు. మొదటిది నా వాక్యమే. నాకు కన్నీళ్లు ఆగలేదు. అంతలో ముందు బెంచీ కిర్రుమంది. సిస్టరమ్మ కూర్చుంది.

"కూకోండర్రా," అంది. "నా మాటకి నిలబడకండి."

పాస్టరు అయ్యగారు ఏదో సర్దిచెప్పబోయారు. ఆవిడ వినలేదు. ఒక్కొక్కరే కూర్చున్నారు. నేను కూర్చోలేదు. నా దగ్గరున్నది ఎవరో లాక్కున్నట్టు కోపం వచ్చింది.

ఆరాధన అయ్యాక మెట్ల మీద నిలదీశాను. "దేవుడే కదా మీ నోట పలికించాడు! మా ఆయన లేచారు కదా!"

"పక్క మంచం కాడ ఓ పెద్దమ్మ ఉండేది, గుర్తుందా?"

గుర్తుంది. సముద్రం ఒడ్డు పల్లె ఆవిడ. పడవ తిరగబడి కొడుకు ఆస్పత్రి పాలయ్యాడు.

"నీకు సెప్పిన మాటే ఆయమ్మకీ సెప్పినాను. అలాగే తల నిమిరి సెప్పినాను. ఆయమ్మ కొడుకు లెగనేదు." సిస్టరమ్మ గొంతు మొదటిసారి చిన్నబోయింది. "ఆ మాటని ఆయమ్మ ముందు నిలబడి సదవగలవేటే? నాను పేమతోనే సెప్పినాను. కాదన్ను. కానీ అది నా మాట. దేవుడి మాటయితే నీ ముందరా సదవగలగాల, ఆయమ్మ ముందరా సదవగలగాల."

ఆవిడ ఏడ్చింది. నేను పక్కన కూర్చుండిపోయాను. అన్నేళ్లుగా నేను ఊరంతా చాటుకున్న వాక్యాన్ని, ఆ తల్లి ఎలా మోసిందో ఒక్కసారి కూడా అనుకోలేదు. సిస్టరమ్మ మాత్రం ఆ పెద్దమ్మ ఇంటికి వెళ్తూనే ఉందట. అక్కడ సొంత మాట ఒక్కటీ చెప్పేది కాదట. బైబిలు తీసి చదివి, ఆమె చేతి టీ తాగి వచ్చేసేదట.

సిస్టరమ్మ పోయినప్పుడు జ్ఞాపక కూడికలో ఆ చిన్న పుస్తకం మళ్లీ బయటికి వచ్చింది. "మీ ఆయన లెగుత్తాడు" అని చదవగానే, నా పక్కన మా ఆయన కళ్లు తుడుచుకుంటూ లేవబోయారు. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను.

భయం వేస్తే ఇప్పటికీ ఆ మాటే ఆవిడ గొంతుతో నాలో నేను చెప్పుకుంటాను. అదంటే నాకు ప్రాణం. కూర్చునే చెప్పుకుంటాను.