మామ్మ శొంఠి బిస్కెట్లు, నా నాలుక

నా చిన్నప్పుడు తిరువూరు మొత్తానికి బిస్కెట్ల రుచి తేల్చేది నేనే. అటు విస్సన్నపేట నుంచీ ఇటు రెడ్డిగూడెం నుంచీ జనం బళ్లు కట్టుకొచ్చి, పళ్లేలు పట్టుకుని మా అరుగు ముందు వరసలో నిలబడేవాళ్లు. నేను ఒకటి కొరికి తలాడిస్తే పండగ. అడ్డంగా ఊపితే మళ్లీ పిండి కలుపుకోవాల్సిందే.

సరే, అంత లేదు. బళ్లూ రాలేదు, జనమూ రాలేదు. ఉన్నది ఒక్క ఇల్లు, మా పక్కిల్లు. అందులో ఒక్క మామ్మ. కానీ ఆవిడ బిస్కెట్ల రుచి చూసింది మాత్రం నేనే. ఇది నిజం.

పక్కింటి తాతయ్య లారీ నడిపేవాడు. మామ్మ పుట్టిల్లు బెజవాడ. ఆవిడ నాన్న అక్కడేదో బేకరీలో పనిచేసేవాడట, ఆయన దగ్గరే నేర్చుకుంది ఈ విద్య. ఏటా రంజాన్‌కి ఇంట్లోనే శొంఠి బిస్కెట్లు కాల్చేది. మైదాలో డాల్డా, బెల్లం, దంచిన శొంఠి, రెండు లవంగాలు, కాస్త దాల్చినచెక్క, చిటికెడు వంటసోడా. బొగ్గుల కుంపటి మీద ఇసుక పోసిన ఇనప మూకుడు, ఆ ఇసుక మీద బిస్కెట్లు పేర్చిన పళ్లెం, పైన మూత, మూత మీద మళ్లీ నిప్పులు. ఆ వాసన గోడ దాటి మా పెరట్లోకి వచ్చేది. దాని వెనకే నేను గోడ దాటి వాళ్ల పెరట్లోకి వెళ్లేవాణ్ణి.

ఆ ఏడు రంజానూ దసరా సెలవులూ ఇంచుమించు కలిసి వచ్చాయి. వాళ్లమ్మాయికి, అంటే పక్కింటి అక్కకి, అంతకుముందు ఎండాకాలంలోనే పెళ్లయింది. పెళ్లయ్యాక మొదటి పండగకి భర్తతో వస్తోంది. ఈ బిస్కెట్లు తినందే ఆ అక్కకి పండగ పండగే కాదు. అల్లుడికి కూడా ముందే గొప్పలు చెప్పి ఉంచిందట. అందుకే మామ్మ కంగారంతా. డాల్డా దొరకడమే గగనమైన రోజులవి. తాతయ్య ఎక్కడెక్కడో తిరిగి ఒక్క డబ్బా సంపాదించాడు.

చిక్కల్లా ఒక్కటే. మామ్మ ఉపవాసం. పొద్దు గుంకేదాకా మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. నాలిక చివర పెట్టి చూడొచ్చు కదా అని ఎవరైనా అంటే, తన మనసు ఒప్పుకోదనేది. సాయంత్రం కుంపటి వంటకు కావాలి కాబట్టి బిస్కెట్లు మధ్యాహ్నమే కాల్చాలి. మరి రుచి చూసేదెవరు? అంతకుముందు ఏళ్లలో అక్క స్నేహితురాలొకామె చూసేది. ఆ ఏడు గోడ మీద కూర్చున్న నేను కనపడ్డాను.

"ఒరేయ్ అబ్బాయ్, దిగు. నీ నాలుక నాకు కావాలి."

ముందు ఒక్క బిస్కెట్టు కాల్చి నా చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుంది. కొరికాను. చేదు. వంటసోడా ఎక్కువైందని ఇప్పుడైతే చెప్పగలను. అప్పుడు నాకు తెలిసిందల్లా, బాగాలేదంటే ఈ ఉద్యోగం ఊడుతుందనే. "అబ్బ! అమృతం మామ్మా! బెజవాడలో కూడా ఇలాంటివి దొరకవు" అన్నాను. నేను బెజవాడ చూడనే లేదు. మామ్మ మొహం విప్పారింది. పిండిలో సగం దాకా ఆ మధ్యాహ్నమే కాల్చేసింది. పొగకు కళ్లు తుడుచుకుంటూ, ఎండిన పెదాలతో.

పొద్దు గుంకింది. ఖర్జూరం తిని ఉపవాసం విడిచాక మామ్మ ఒక బిస్కెట్టు కొరికింది. నమలడం ఆగింది. నావైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బిస్కెట్లన్నీ డబ్బాలోకి ఎత్తి నా చేతికిచ్చింది.

"నీకంత నచ్చాయిగా నాన్నా. అన్నీ నీకే."

మా అమ్మ ఒకటి నోట్లో పెట్టుకుని, "ఏంట్రా ఇది, సున్నం నమిలినట్టుంది!" అని ఊసేసింది. పౌరుషానికి ఆ డబ్బా అంతా నేనే తిన్నానని మా పిల్లలకు చెబుతుంటాను. తినలేదు. గేదెకు పెట్టాను. గేదె కూడా మూతి తిప్పుకుందని మరికొన్నాళ్లు చెప్పాను. అదీ అబద్ధమే. అది శుభ్రంగా తినేసింది.

నవ్వు రానిది ఒక్కటే. డాల్డా అడుగంటింది, అక్క ఎల్లుండే వస్తోంది. ఇక నన్ను గోడ ఎక్కనివ్వరనుకుని మర్నాడు ఇంట్లో నక్కాను. మధ్యాహ్నం గోడ అవతల నుంచి అదే పిలుపు. "ఏరా, వస్తున్నావా? నిప్పులు రాజుకున్నాయి."

వెళ్లాను. మామ్మ మిగిలిన పిండిలో ఇంకాస్త మైదా, బెల్లం కలిపి సోడా చేదు విరిచింది. మళ్లీ ఒకే ఒక్కటి కాల్చింది. మళ్లీ ఎదురుగా కూర్చుంది. నిన్నటి సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. పొద్దున్నించీ గుక్కెడు నీళ్లు తాగని మనిషి, నా దవడ కదులుతుంటే దాన్నే చూస్తోంది. అంత నెమ్మదిగా నేనెప్పుడూ దేన్నీ నమల్లేదు. చేదు పోయింది. బాగానే ఉంది. బాగానే ఉందంటే సరిపోయేది.

"శొంఠి తగల్లేదు మామ్మా" అన్నాను.

"ఎంత?"

"నిరుడు తింటే గొంతు దాకా వెచ్చగా పాకింది. ఇది నోట్లోనే ఆగిపోతోంది."

మామ్మ లేచింది. మళ్లీ రోలు, మళ్లీ శొంఠి. ఈసారి బిస్కెట్టు గొంతులో దిగుతూ వెచ్చగా పాకింది. నేను తలాడించాను, మాటేమీ కలపకుండా.

మర్నాడు పొద్దు గుంకాక అక్క వచ్చీరాగానే డబ్బా మూత తీసింది. ఒకటి తిని, "అమ్మీ, ఈసారి నీ చెయ్యి భలే కుదిరిందే!" అంది. కొత్త అల్లుడు రెండోదానికి చెయ్యి చాపాడు.

మామ్మ నన్ను ముందుకు లాగింది. "చెయ్యి నాదే. నాలుక వీడిది."

ఆ తర్వాత చాలా రంజాన్లకు ఆ గోడ దిగాను. ఇప్పుడు మామ్మా లేదు, గోడా లేదు. కోతలు కోయడం మాత్రం పోలేదు, మా ఇంట్లో నేను చెప్పేవాటిలో సగానికి సగం తీసేసి వింటారు. అయినా పండగ పూట మూకుట్లోంచి తీసిన మొదటి గారె మా కోడలు నా దగ్గరికే తెస్తుంది. తెచ్చి, నా మొహం చూస్తూ నిలబడుతుంది. అప్పుడు మాత్రం నేను గొప్పలు పోను. ఎదురుగా ఎవరో దాహంతో కూర్చుని ఉన్నట్టు, నెమ్మదిగా నములుతాను.