నడినీళ్లలో వెనుదిరిగిన దుప్పి

నా చిన్నప్పుడు ఒక వానాకాలం కృష్ణా నది మా చేన్లలోకి వచ్చింది. కింద ఎక్కడో ఆనకట్ట కట్టారు. నీళ్లు వెనక్కి తన్ని రోజుకింత పైకి వస్తుంటే, ఊరు ఊరంతా దర్వాజలూ దూలాలూ పీక్కుని మిట్ట మీది రేకుల షెడ్లకు చేరింది. మా తాత ఒక్కడే కదలలేదు. మా బాపు తన తండ్రిని రెండుసార్లు బండెక్కించి తీసుకుపోయాడు. రెండుసార్లూ తెల్లారేసరికి తాత పాతింట్లోనే ఉన్నాడు.

"నీళ్లల్ల మునిగి సస్తవా నాయినా?" అని బాపు అరిచేవాడు.

"మంచిదే గదరా, నా పీనుగకు తానం పోసే పని తప్పుతది నీకు" అనేవాడు తాత.

ఊరికీ అడవికీ నడుమనున్న గుట్ట చుట్టూ అప్పటికే నీళ్లు చేరాయి. పైకి ఉరికిన దుప్పులు, కుందేళ్లు అక్కడ చిక్కుకున్నాయి. మరునాడు కట్టెలు పట్టుకుని వేటకు పోదామని షెడ్లలో మగవాళ్లు అనుకున్నారు. అందరి ఇళ్లలోనూ ఆకలి ఉన్న రోజులవి. ఆ మాట నేనే పోయి తాత చెవిన వేశాను.

తాత వెంటనే పుట్టి విప్పాడు. వెదురుతో అల్లిన ఆ గుండ్రటి పడవలో నన్నూ ఎక్కించుకుని, ఖాళీ నూనె డబ్బా ఒకటి వెంట తెచ్చాడు. గుట్టకు ఊరి వైపున దిగి డబ్బా కొడితే, జంతువులు అవతలికి దూకి అడవి చేరతాయని ఆయన ఆలోచన.

"నిలబడితే అన్ని సస్తయి బిడ్డా. దుంకితే కొన్నన్న బతుకుతయి."

డబ్బా చప్పుడుకు కుందేళ్లు నీటి అంచుదాకా పరుగెత్తి, తిరిగొచ్చి రాళ్లలో దూరాయి. దుప్పులు మాత్రం ఒకదాని వెనక ఒకటి దూకాయి. నీటి మీద తలలు వరుసగా పోతుంటే నేను చప్పట్లు కొట్టాను. సగం దూరం పోయాక ఒక దుప్పి మందను వదిలి మా వైపే ఈదుకుంటూ రాసాగింది. తాత డబ్బా ఆపి చుట్టూ చూశాడు. గడ్డిలో దాని పిల్ల మెడ నేలకానించి, కదలకుండా పడుకుని ఉంది. పుట్టి ఎక్కి, గుట్టను చుట్టి తల్లికి ఎదురు పోయాం. దాని ముక్కు ఒకసారి మునిగి తేలింది. మేం అందుకునేలోపు మళ్లీ మునిగింది, ఇక తేలలేదు.

తాత చాలాసేపు తెడ్డు వేయలేదు. "ముందుగాల గడ్డిల చూడవలసింది. ఆగమాగం చేసిన" అన్నాడు.

పిల్లను ఒళ్లో పెట్టుకుని షెడ్లకు తెచ్చాను. మేకపాలు పట్టినా మింగలేదు, బతకలేదు.

జరిగిందంతా బాపుకు చెప్పాను. ఆ సాయంత్రం బాపు పాతింటికి వచ్చాడు గానీ అరవలేదు. గడప మీద తాత పక్కన కూర్చుని, "నాయినా, ఈడ ఏమున్నదే నీకు?" అని మొదటిసారి అడిగాడు.

తాత చేను వైపు చూశాడు. "మీ అమ్మున్నది గదరా."

అవ్వను పాతిపెట్టిన జాగా అది. నీళ్లు దాని గట్టును తాకుతున్నాయి. ఇద్దరూ పోయి అవ్వ తల దగ్గర నాటిన రాయిని పెకిలించి బండిలో వేశారు. తాత దాని పక్కనే కూర్చున్నాడు. మళ్లీ వెనక్కి పోలేదు. మరునాడు గుట్ట మీది కుందేళ్లను కొట్టి కుప్పలు పోసి పంచారు. మా వాటా మాకూ వచ్చింది. తాత ముట్టలేదు.

ఇప్పుడు ఆ అవతలి ఒడ్డు అభయారణ్యం. పడవ నడిపే పిల్లలు నీటికుక్కలను, దుప్పుల మందను చూపించి "ఎప్పటిసంది ఈడనే ఉన్నయమ్మా" అంటారు. తాత డబ్బా కొట్టకపోతే వాటిలో కొన్ని ఉండేవి కావేమో. అయినా నా చూపు మంద మీద నిలవదు, నడుమ నీళ్లకే పోతుంది.

మొన్న మా చెల్లెలు దవాఖానకు రానని మంచం కోడు పట్టుకుని కదలలేదు. దాని పిల్లలు ఆటో పిలిచి, రెక్కలు పట్టి లేపబోయారు. నేను వాళ్లను ఆగమని, మంచం అంచున కూర్చుని, ఏం వదిలి రాలేకపోతున్నావే అని అడిగాను.