అయిదో నంబరు నూనె

నాలుగేళ్లుగా ఒక ప్రశ్నకు జవాబు మింగి తిరుగుతున్నాను. అది లోపల అరగలేదు, బయటికీ రాలేదు. ఇప్పుడు మీకెందుకు చెబుతున్నానో నాకే సరిగ్గా తెలియదు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. బహుశా అందుకేనేమో. ఎరిగినవాళ్లకు చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ టైర్లలో గాలి గురించో, లారీ బ్రేకుల గురించో మాట్లాడి మూసుకున్నాను.

ముందు నా గుణం చెప్పాలి. నేను అనుమానపు మనిషిని. పెట్రోలు బంకులో మీటరు సున్నా చూపించినా బండి దిగి వంగి మరీ చూస్తాను. పాలతను కొలత గిన్నె వంచే తీరు గమనిస్తాను. ఇస్త్రీ నుంచి వచ్చిన చొక్కాలకు గుండీలన్నీ ఉన్నాయో లేదో తడిమి చూస్తాను. పెళ్లిచూపుల్లో తనను కూడా ఇలాగే చూశానని మా ఆవిడ ఇప్పటికీ వెక్కిరిస్తుంది. దీన్ని నేను జాగ్రత్త అనుకునేవాణ్ని. పదిమందికీ అలాగే చెప్పేవాణ్ని.

మాది గుంటూరు వైపు. విమానాశ్రయం కొత్తగా వచ్చిన రోజుల్లో శంషాబాద్‌లో ఒక సరుకు రవాణా ఆఫీసులో ఉద్యోగం దొరికింది. బడంగ్‌పేటలో ఇల్లు కట్టుకున్నాం. తిరగడానికి ఒక పాత డీజిల్ జీపు కొన్నాను. చిన్నప్పటి నుంచీ నాకు బండ్ల పిచ్చి. నాలాంటి పిచ్చివాళ్లం పది పన్నెండు మందిమి ఆదివారం పొద్దున్నే హిమాయత్ సాగర్ దగ్గర, రింగురోడ్డు పక్కనున్న టీ హోటల్లో కలిసేవాళ్లం. ఎత్తు ఎక్కేటప్పుడు లారీవాడు ఏ గేరులో వెళ్లాలి, క్లచ్ మీద కాలు ఆనించి నడిపితే ప్లేటు ఎన్నాళ్లుంటుంది, ఎండాకాలం రేడియేటరులో ఏం పోయాలి. ఇవే మా కబుర్లు. టీ చల్లారిపోయేది, వాదన చల్లారేది కాదు. గేర్ బాక్సుల విషయం వస్తే మాత్రం అందరూ నా వైపు తిరిగేవాళ్లు. నన్ను గేర్ల మాస్టారు అనేవాళ్లు. ఇంటర్నెట్‌లో బండ్ల వాళ్ల చర్చావేదిక ఒకటుంటే అందులో నేను పేజీలకు పేజీలు రాసేవాణ్ని. ఆ పేరు నాకు ఎంత ఇష్టమో అప్పుడు తెలియలేదు.

మా బృందానికి ఒక ఆచారం ఉండేది. మార్కు పెట్టకుండా బండిని షెడ్డులో వదలకూడదు. ఇంట్లో ఆడవాళ్ల గోళ్ల రంగు తెచ్చి బోల్టుల మీద, డైనమో మీద, బ్యాటరీ మీద చిన్న చుక్క పెట్టేవాళ్లం. మెకానిక్ సామాను మారిస్తే చుక్క ఉండదు, దొరికిపోతాడు. ఈ ఆచారం పెట్టింది ఎవరనుకున్నారు? నేనే.

మా అందరి బండ్లూ చూసేది నర్సింహ. ఆరాంఘర్ నుంచి శంషాబాద్ వచ్చే దారిలో అతనికి రేకుల షెడ్డు ఉండేది. వ్యవసాయ కుటుంబం. పొలం విమానాశ్రయం కిందికి పోయాక, వయసులో లారీల దగ్గర నేర్చుకున్న పని మళ్లీ చేతపట్టాడు. స్క్రూడ్రైవరు మొన గేర్ బాక్సుకు, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. ఏ బేరింగు పోయిందో బాక్సు విప్పకుండానే చెప్పేవాడు. విప్పాక అదే తేలేది. మార్చిన పాత సామానంతా ఒక కవరులో కట్టి, మీ సామాను మీకే అని చేతికిచ్చేవాడు. అడగకుండానే ఎందుకు ఇస్తున్నాడు? ఇంకెవరి బండి సామానో తెచ్చి ఇస్తున్నాడేమో అని నేను కవరు విప్పి చూసుకునేవాణ్ని.

ఒకసారి క్లచ్ ప్లేటు పోతే గేర్ బాక్సు దించి కొత్త ప్లేటు వేశాడు. బాక్సులోకి నూనె కూడా పోశాడు. పోసింది షెడ్డు మూలనున్న పీపా లోంచి. డబ్బా కాదు, సీలు లేదు. నాకు అక్కడ అనుమానం పట్టుకుంది. అది వాడేసిన నూనె వడగట్టింది కాదని గ్యారంటీ ఏమిటి? అడిగితే, ఎప్పుడూ వచ్చే మనిషే తెచ్చి పోస్తాడని చెప్పాడు. సరేనన్నాను. ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన.

మరుసటి వారం సిటీలో స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లి సీలున్న డబ్బా కొన్నాను. డబ్బా మీద లారీ బొమ్మ ఉంది. నా జీపుకు నాలుగో నంబరు రకం నూనె పోయాలని బండితో వచ్చిన పుస్తకంలో ఉంది. డబ్బా మీద అయిదు అని ఉంది. నాలుగు కంటే అయిదు మెరుగే కదా అనుకున్నాను. లారీ బరువు మోసే నూనెకు నా జీపు ఒక లెక్కా అనుకున్నాను. గేర్ల మాస్టారు అనుకున్నది ఇదీ. పోర్టికోలో పాత దుప్పటి పరుచుకుని, జీపు కింద దూరి, అడుగు బోల్టు విప్పి నర్సింహ పోసిన నూనె దించేశాను. అది తేనె రంగులో, శుభ్రంగా ఉంది. ఆ సంగతి నేను చూశాను. చూసి కూడా పారబోశాను. కొత్త నూనె పోసి బోల్టు బిగించాక చూస్తే, దాని మీద నేను పెట్టిన ఎర్ర చుక్క సగం చెరిగిపోయింది. మా ఆవిడ దగ్గర ఆ ఎరుపు అయిపోయింది. వంకాయ రంగు సీసా ఉంటే దాంతోనే పైన ఇంకో చుక్క పెట్టాను.

ఆ అయిదో నంబరు నూనె ఇనుము ఇనుమూ రాసుకునే చోటికి మంచిది. లారీ వెనక ఇరుసులో పోస్తారు. గేర్ బాక్సులో, గేరు మెత్తగా పడటానికి ఇత్తడి రింగులుంటాయి. ఆ నూనెలోని గంధకం ఆ ఇత్తడిని కొద్దికొద్దిగా తినేస్తుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఏడాది తిరిగేసరికి రెండో గేరు నుంచి మూడుకు వేస్తుంటే కర్రుమనడం మొదలైంది. నాకు మొదట ఎవరు గుర్తొచ్చారో చెప్పక్కర్లేదు. క్లచ్ ప్లేటు వేసినప్పుడు బాక్సు విప్పి నా మంచి రింగులు తీసుకుని, అరిగిపోయినవి పెట్టేశాడు. బయట బోల్టులకైతే చుక్కలు పెట్టాను కానీ లోపలి రింగులకు ఎలా పెడతాను? ఆ సందు చూసుకున్నాడు. నిజంగానే అలా నమ్మాను. అప్పటిదాకా నేను అబద్ధం ఆడలేదు, అనుమానపడ్డానంతే. మనసు ఎదురు తిరిగినప్పుడల్లా దానికి ఈ మాటే చెబుతూ వచ్చాను.

సరిగ్గా అప్పుడే మాధవరెడ్డి అన్న ఒక సంగతి చెప్పాడు. ఆయన శంషాబాద్ పక్క ఊరివాడు, విమానాశ్రయానికి టాక్సీలు నడుపుతాడు, మా బృందంలో పెద్ద. తన టాక్సీల పనంతా ఇక నర్సింహకే ఇస్తున్నానన్నాడు. నర్సింహకు అది మామూలు విషయం కాదు. దాన్ని నమ్ముకునే షెడ్డు పక్కన ఇంకో వరస రేకులు వేయించుకున్నాడు. నేను టీ గ్లాసు కింద పెట్టి, ఒక్కసారి ఆలోచించుకోమని, నా రింగుల కథ చెప్పాను. మాధవరెడ్డి అన్న, మనందరి ముందే బాక్సు విప్పిద్దాం అన్నాడు.

పై ఆదివారం పొద్దున అందరం షెడ్డుకు వెళ్లాం. సంగతి ముందే తెలిసి నర్సింహ ముఖం చిన్నబోయి ఉంది. అయినా బాక్సు దించాడు. అడుగు బోల్టు విప్పి నూనె తొట్టిలోకి వదిలాడు. వేలితో కొంచెం తీసి, బొటనవేలికి రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత బాక్సు విప్పి రింగులు తీసి చూశాడు. పళ్లన్నీ తినేసి ఉన్నాయి.

"సార్, గిది నేను పోసిన నూనె కాదు. వాసన చూడుండ్రి. లారీ వెనక ఇరుసు హౌసింగుల పోసే నూనె గిది. గిది పోస్తే ఇత్తడి గిట్లనే తినుకుపోతది. మీరేమన్న మార్చిన్రా?"

ఆ క్షణంలో నాకు అంతా అర్థమైంది. ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. పోర్టికో, దుప్పటి, లారీ బొమ్మ, అయిదు. అన్నీ ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి.

"నేనా? నేను దాని మూత కూడా ముట్టుకోలేదు" అన్నాను.

"జర యాది చేసుకోండ్రి సార్. మార్చినా తప్పేం లేదు. శానమంది గిట్లనే పోస్తరు."

తప్పేం లేదన్నాడు. బయటపడటానికి దారి అతనే చూపించాడు. అవును నర్సింహా, తెలియక పోశాను అంటే అయిపోయేది. అందరూ నవ్వేవాళ్లు, మాస్టారు బోల్తాపడ్డారని నెల రోజులు ఆటపట్టించేవాళ్లు. అంతే కదా? అంతకంటే ఏమయ్యేది? కానీ పదకొండు మంది నా వైపు చూస్తున్నారు. వాళ్లకు నూనెల గురించి పాఠాలు చెప్పినవాణ్ని నేను. తల కొట్టేసినట్టవుతుందని భయపడ్డాను.

"అంటే నేను అబద్ధం చెబుతున్నానంటావా?" అన్నాను. గొంతు పెంచి మరీ అన్నాను.

మాధవరెడ్డి అన్న మధ్యలోకి వచ్చాడు. "నర్సింహా, సార్ చదువుకున్న మనిషి. బండ్ల సంగతి నీకన్న నాకన్న ఎక్కువ ఎరుక. గాయనకేం అవసరం అబద్ధం చెప్పనీకి?"

"నేనైతే నాలుగు నంబర్ నూనెనే పోసిన అన్నా. ఇగ మీ ఇష్టం."

అప్పుడు నర్సింహ చేతిలో ఆ అడుగు బోల్టు ఉంది. దాన్ని తిప్పి చూశాడు. వంకాయ రంగు చుక్క కింద నుంచి ఎరుపు కనబడుతోంది. మా బృందం పెట్టే ఈ చుక్కల సంగతి అతనికి తెలియనిది కాదు. ఏనాడో కనిపెట్టి, నవ్వి ఊరుకున్నాడు. రెండు రంగులున్నాయంటే మధ్యలో ఎవరో విప్పారని అర్థం. ఆ చుక్కలు పెట్టేది నేనే తప్ప అతను కాదు. అతను గుడ్డ పీలికతో ఆ బోల్టును తుడిచాడు. నూనె తుడిచినట్టే తుడిచాడు. ట్రేలో పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

చూశాడా? చూసి ఊరుకున్నాడా? ఊరుకుంటే ఎందుకు? అంతమందిలో నన్ను అబద్ధాలకోరును చేయడం ఇష్టం లేకనా, లేక చెప్పినా ఎవరూ నమ్మరనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నాలుగేళ్లుగా అతని మంచితనాన్ని కూడా అనుమానిస్తూనే ఉన్నాను.

ఆ సాయంత్రానికల్లా కొత్త రింగులు తన సొంత డబ్బుతో తెచ్చి వేసి, నాలుగో నంబరు నూనె పోసి బండి ఇచ్చాడు. కూలి తీసుకోలేదు. అందరూ దాన్ని తప్పు ఒప్పుకున్నట్టే లెక్కేశారు. నేను కాదనలేదు. ఇంటికెళ్లి నర్సింహ మోసం కథ మా ఆవిడకు చెబుతుంటే, ఆ రోజు పోర్టికోలో నూనె మార్చింది మీరే కదండీ అంది. అది ఇంజన్ ఆయిల్ అన్నాను. ఆమె నా ముఖంలోకి ఒక్కసారి చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. తెలిసే అడగలేదని నా అనుమానం.

అంతటితో ఆగినా బాగుండేది. చర్చావేదికలో కూడా రాశాను. పేరు రాయలేదు, శంషాబాద్ దారిలో ఒక షెడ్డు అన్నాను. ఆ దారిలో గేర్ బాక్సులు విప్పే షెడ్డు ఇంకోటి లేదు. కళ్లు తెరిపించారని ఎంతమంది మెచ్చుకున్నారో. టాక్సీల పని ఇంకెవరికో పోయింది. మా వాళ్లు ఒక్కొక్కరే మానేశారు. కొన్ని నెలలకు షెడ్డుకు తాళం పడింది. ఆ తర్వాత అక్కడ టైల్స్ దుకాణం వచ్చింది.

నా జీపు గేర్లు ఆ రోజు నుంచి ఈ రోజు దాకా వెన్నలా పడుతున్నాయి. రోజూ ఆఫీసుకు వెళ్తూ మూడో గేరు వేసినప్పుడల్లా అతని పనితనం అరచేతికి తగులుతుంది. బండి అమ్మేద్దామా అనుకున్నాను. కొనేవాడు గేర్ బాక్సు ఎవరు చేశారని అడిగితే?

ఈ ఎండాకాలం బడంగ్‌పేటలోనే అతను కనబడ్డాడు. స్కూలు బస్సులు బాగుచేసే ఒక షెడ్డులో, తనకంటే చిన్నవాడైన ఓనరు చేతికింద పనిచేస్తున్నాడు. బస్సు కింద నుంచి బయటికొస్తూ నన్ను చూసి నిలబడ్డాడు.

"మంచిగున్నరా సార్? గేర్లు మంచిగ పడుతున్నయా?"

"పడుతున్నాయి" అన్నాను.

ఇంకా ఏమన్నా అంటానేమోనని కాసేపు చూశాడు. అంత మామూలుగా ఎలా అడిగాడు? ఎత్తిపొడిచాడా? లేదు. ఏ మెకానిక్కైనా తను చేసిన బండి గురించి అడుగుతాడు. అంతే. నేను మాత్రం ఫోను వచ్చినట్టు జేబులోంచి తీసి చెవికి పెట్టుకుని నడిచి వచ్చేశాను. ఫోను మోగలేదని అతనికి తెలిసే ఉంటుంది.

ఇదంతా రాసి మళ్లీ చదువుకుంటే ఒకటి కనబడింది. ఇందులో నా పేరు ఎక్కడా లేదు. నర్సింహ అన్నది కూడా అతని అసలు పేరు కాదు, మార్చాను. అతని పరువు కాపాడటానికి మార్చానని మొదట అనుకున్నాను. కాదు. అసలు పేరు రాస్తే ఆ షెడ్డు ఎరిగినవాళ్లు నన్ను పట్టేస్తారు. ఆనాడు అతని పేరు ఎత్తకుండానే అతన్ని ఊరందరికీ చూపించాను, ఈనాడు నన్ను మాత్రం మీ ఒక్కరి నుంచి కూడా దాచుకుంటున్నాను. మీరు చదివి క్షమించండని అడగను. క్షమించాల్సిన మనిషి నడిచి వెళ్తే పావుగంట దూరంలో ఉన్నాడు, నాకు కాళ్లు ఆడటం లేదు.

అయినా ఒక్క మాట మాత్రం రాయగలిగాను. నాలుగేళ్లలో కాగితం మీద గానీ, నోటితో గానీ మొదటిసారి. ఆ నూనె నేనే పోశాను. రాశాక చేతులు కొంచెం తేలికయ్యాయి. అది కూడా నాకు దక్కాల్సిన తేలిక కాదని తెలుసు.